అడ్డుపడాల్సిన చోటు

నేను పిరికిదాన్ని. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక. ధైర్యవంతుల కథలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ జోలికి నేను పోను.

నా పేరు తాన్ సూచిన్. మాది చైనాలో లాన్‌ఝౌ. ఈ కథ జరిగినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నీటి సరఫరా ఆఫీసులో ఏడేళ్ళు చేసిన ఉద్యోగం వదిలేసి, నగరాల ప్రణాళిక చదవడానికి ఇంగ్లండులోని షెఫీల్డ్ వచ్చాను. వచ్చాను గానీ యూనివర్సిటీ వాళ్ళు నన్నింకా గడప దాటనివ్వలేదు. ఇంగ్లీషు పరీక్షలో అర మార్కు తక్కువైంది. అలా తక్కువైనవాళ్ళ కోసం వేసవిలో పది వారాల పాటు పెద్ద చదువుల ఇంగ్లీషు కోర్సు ఒకటి నడుపుతారు. వ్యాసం రాయాలి, ఉపన్యాసం విని నోట్సు తీసుకోవాలి, సెమినార్‌లో కూర్చుని వాదించాలి. మూడింట్లోనూ అరవై రావాలి. రాకపోతే సీటు లేదు, సీటు లేకపోతే వీసా లేదు, సెప్టెంబరు సగానికల్లా విమానం ఎక్కాల్సిందే. ఎక్కి ఎక్కడికి పోవాలి? ఆఫీసులో నా కుర్చీలో అప్పటికే మేనేజరు మరదలు కూర్చుంది. వీడ్కోలు విందులో కప్పు పైకెత్తి, ఇక వెనక్కి రానని నలభైమంది ముందు చెప్పి వచ్చిన దాన్ని నేను.

వ్యాసానికి భయపడలేదు. బట్టీ పట్టిందాన్ని అప్పజెప్పమంటే గంట సేపు ఆగకుండా చెప్పగలను. మా దగ్గర చదువంటే అదే, అందులో నేను మొనగత్తెను. కానీ బట్టీ పట్టనిది అడిగితే మాత్రం పొట్ట చీల్చినా అక్షరం ముక్క రాదు. సెమినార్ పరీక్షలో అడిగేది సరిగ్గా అదే.

బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఇరవై ఐదు నిమిషాలు. విషయం వారం ముందే చెప్తారు. మూలన ఇద్దరు టీచర్లు నోరెత్తకుండా మార్కులు వేసుకుంటూ ఉంటారు. ఆధారం చూపిస్తే మార్కులు, కాదన్నందుకు మార్కులు, మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళని మాట్లాడిస్తే మార్కులు, అన్నిటికంటే విడ్డూరం, ఒకరు మాట్లాడుతుంటే మర్యాదగా మధ్యలో దూరితే మార్కులు. పెద్దవాళ్ళ మాటకి అడ్డొస్తే మా ఇంట్లో చెంప పగిలేది. ఇక్కడ అలా అడ్డురాకపోతే ఇంటికి పంపుతారట.

టీచర్ పేరు డిలిస్. యాభై ఐదేళ్ళ వేల్స్ ఆవిడ. పేరు పెట్టి పిలవమని ఎంత మొత్తుకున్నా మేం టీచర్ అనే అనేవాళ్ళం. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. అరిచే టీచరుతో బతకొచ్చు, ఎక్కడ తప్పు చేశామో ఆ అరుపుని బట్టి తెలుస్తుంది. నవ్వే మనిషి దగ్గర ఏం తెలుస్తుంది? పోయిన ఏడాది ఇలా నవ్వుతూనే పదకొండుమందిని ఇంటికి పంపించిందని హాస్టల్లో చెప్పుకునేవాళ్ళు.

ఉపాయం చెప్పింది పెంగ్ కాయ్. నాతో ఒకే వంటిల్లు పంచుకున్న చోంగ్‌చింగ్ కుర్రాడు, ఇరవై మూడేళ్ళు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మే రకం.

"అక్కా, ఎందుకింత బెంగ? వాదన కూడా నాటకమే కదా. రాసేసుకుందాం."

"ఏం రాసుకుంటాం?"

"అంతా. నువ్వేమనాలి, నేనెక్కడ కాదనాలి, ఎవరు ఎప్పుడు అడ్డుపడాలి, అన్నీ. నువ్వు రాయి, మేం బట్టీ పడతాం."

పక్క గదుల అమ్మాయిలిద్దరూ ఎగిరి గంతేశారు. మేం నలుగురం ఒకే గ్రూపు అని అప్పటికే పేర్లు ఇచ్చేశాం. విషయం కూడా వచ్చింది: ఊరి నడిబొడ్డున కార్లు నిషేధిస్తే చిన్న దుకాణాలకి మేలా, చేటా? చేటు అని నేనంటాను, మేలని పెంగ్ అంటాడు, అమ్మాయిలు చెరొక వైపు. రెండు రోజుల్లో పదహారు పేజీలు రాశాను. సాయంత్రం అన్నాలయ్యాక వంటింట్లోనే రిహార్సల్.

"ఇప్పుడే కాదురా అడ్డుపడేది! నా నాలుగో వాక్యం అయ్యాక."

"అయింది కదక్కా."

"అది మూడోది. మధ్యలో ఊపిరి పీల్చుకున్నాను, అంతే."

"నీ ఊపిరి కూడా వాక్యంలాగే ఉంది, నేనేం చెయ్యను! ఓ పని చెయ్యి, అక్కడ ఆగి నా మొహం చూడు. నేను దూరిపోతాను."

అందుకని కాగితం మీద ఆ చోట రాసి పెట్టాను: ఇక్కడ ఆగాలి, పెంగ్ అడ్డుపడతాడు. వాడు అడ్డుపడి 'మన్నించాలి, ఒక్క మాట' అంటాడు. నేను 'ఒక్క క్షణం, ఇది ముగించనివ్వండి' అని నా పెద్ద ఆధారం బయట పెడతాను. మొత్తం వాదన ఆ ఆధారం మీదే నిలబడింది.

అసలు పేచీ కూడా దాంతోనే. ఆదివారం మధ్యాహ్నం దాకా లైబ్రరీలో కూర్చుని వెతికాను. దొరికిన ప్రతి పరిశోధనా కార్లు పోతే దుకాణాలకి లాభమే అంటోంది. డెన్మార్క్‌లో లాభం, స్పెయిన్‌లో లాభం, ఇంగ్లండులో రెండు ఊళ్ళలో లాభం. ఏ ఒక్క మహానుభావుడూ నష్టమని రాసిన పాపాన పోలేదు. అప్పటికే నలుగురం సగం పైగా బట్టీ పట్టాం, పరీక్ష ఐదు రోజుల్లోకి వచ్చింది. పక్షం మార్చాలంటే మళ్ళీ మొదటినుంచీ రాయాలి. నాకు కావలసింది ఒక్క అంకె. అమ్‌స్టర్‌డామ్ వెళ్ళొచ్చిన పెంగ్ తెచ్చిన బిస్కెట్ల పొట్లం వంటింటి బల్ల మీద ఉంది, దాని మీద బేకరీవాడి పేరుంది: వాన్ దెర్ హోల్ట్. ఆయన్ని పరిశోధకుణ్ణి చేసేశాను. హాలండ్‌లో ఒక ఊళ్ళో కార్లు ఆపిన మూడేళ్ళలో నూటికి నలభై ఒక్క దుకాణాలు మూతపడ్డాయని ఆయన చేత చెప్పించాను. మొదట నలభై అని రాశాను. గుండ్రంగా ఉంటే అబద్ధంలా కనిపిస్తుందని ఒకటి కలిపాను.

ఎవరూ అడగలేదు. పెంగ్ కూడా. నేను రాశానంటే వాళ్ళకి వేదం. పరీక్షలో టీచర్లు మాట్లాడరు కాబట్టి వాళ్ళూ అడగరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి పరీక్ష గదుల వరండాలోకి వెళ్తే తలుపు మీద కొత్త జాబితా అంటించి ఉంది. దాని పక్కనే డిలిస్, చేతిలో టీ కప్పుతో.

"శుభోదయం! చిన్న మార్పు. పోయిన ఏడాది రెండు గ్రూపులు ఒకే మాట దగ్గర ఒకేలా నవ్వాయి. చూడముచ్చటగా ఉండింది గానీ మార్కులు ఎలా వెయ్యాలో మాకు అర్థం కాలేదు. అందుకని ఈసారి గ్రూపులన్నీ కలిపేశాం." నవ్వింది.

పెంగ్ నా చెవి దగ్గర, "అక్కా, మునిగాం," అన్నాడు.

పదహారు పేజీల్లో నావి నాలుగున్నర. అవి మిగతా పదకొండున్నర మధ్యలో తప్ప నిలబడవు. అయినా ఏం చేస్తాం, మొదటి రెండు పేజీలు నా వంతే కదా, ముందు నోరు విప్పేస్తే అవైనా దక్కుతాయి అనుకున్నాను.

నా కొత్త గ్రూపులో ఒకామె నౌఫ్, రియాద్‌లో పళ్ళ డాక్టరు, ఎక్కడ కూర్చున్నా సొంత వంటింట్లో కూర్చున్నట్టు మాట్లాడుతుంది. ఒకబ్బాయి థనవత్, థాయ్‌లాండ్ వాడు, ముందు తలూపి తర్వాత ఆలోచిస్తాడు. నాలుగో మనిషి యాన్ దోంగ్‌మెయ్. గ్వేఝౌ కొండల్లో చిన్న ఊరి పిల్ల, ఇరవై రెండేళ్ళు, కొండ మీదున్న ఇంకో హాస్టల్లో ఉంటుంది. క్లాసులో గోడవారన కూర్చుని, ఎవరైనా తుమ్మినా ఉలిక్కిపడేది.

"అక్కా, నా చేతులు చూడు," అంది చాచి. మంచుముక్కల్లా ఉన్నాయి.

"నావీ అంతే. ఊరుకో."

"నీకేంటక్కా, నువ్వు గడగడా చెప్తావు. నేను మధ్యలో ఆగిపోతే నువ్వు కాస్త కలగజేసుకో. ఏదో ఒకటి అడుగు. ఆఁ? వదిలెయ్యకు."

"సరేలే. వదలను."

నిజంగానే అన్నాను. అలా చేస్తే నాకూ మార్కులొస్తాయి కదా అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు.

లోపలికెళ్ళి కూర్చున్నాం. డిలిస్, ఇంకో టీచరు కిటికీ పక్కన. గడియారం మొదలైంది. నేను నోరు తెరిచేలోపే దోంగ్‌మెయ్ గొంతు సవరించుకుంది.

"నగరాల్ని మనుషులకి తిరిగి ఇవ్వాలనే కోరిక మంచిదే. అయితే ఆ మనుషుల్లో దుకాణదారులు కూడా ఉన్నారన్న సంగతి మనం మర్చిపోతున్నాం."

అది నా మొదటి వాక్యం.

ముందు అర్థం కాలేదు. ఈ పిల్ల కూడా ఇలాగే అనుకుందా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. రెండో వాక్యం వచ్చింది. అదీ నాదే, నేను వాడిన ఒక వంకర మాటతో సహా. నా కాగితం ఈ పిల్లకి ఎలా చేరింది? చేరితే చేరింది, ఇప్పుడు నేనేం మాట్లాడాలి? నా మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆ పిల్ల నోట్లోంచి బయటికి నడిచి వెళ్ళిపోతుంటే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అవి నావే అనలేను, నావి కాదనీ అనలేను.

మూడో వాక్యం. అప్పుడు గుర్తొచ్చింది, తర్వాత వచ్చేది ఏమిటో. నాలుగో వాక్యం, ఆగాల్సిన చోటు, ఆ తర్వాత వాన్ దెర్ హోల్ట్.

నాలుగో వాక్యం ముగించి దోంగ్‌మెయ్ ఆగింది. కాగితంలో ఆగమని ఉంది కాబట్టి ఆగింది. ఎవరో ఒకరు అడ్డుపడతారని ఎదురుచూస్తూ ముందు నౌఫ్ మొహం చూసింది, తర్వాత థనవత్ మొహం, తర్వాత నా మొహం. నా దగ్గర ఆగిపోయింది. కళ్ళతోనే అడుగుతోంది, అక్కా, ఇక్కడ ఎవరో రావాలి, రామ్మా అని.

రావచ్చు. రెండు మాటలు చాలు. మన్నించాలి, ఒక్క మాట. అలా అని ఏ చెత్త ప్రశ్న వేసినా ఆ పిల్ల దారి తప్పేది, ఆ అంకె దగ్గరికి వెళ్ళేది కాదు. ఆ రెండు మాటలు పెంగ్ చేత ముప్పైసార్లు చెప్పించిన మనిషిని నేను. నేను అడ్డుపడితే ఆ కాగితం నాదని తెలిసిపోతుందేమో అనిపించింది. ఎలా తెలుస్తుంది? తెలియదు. కానీ భయానికి లెక్కలు రావు. మూడు క్షణాలు, నాలుగు క్షణాలు. నేను బల్ల వైపు చూశాను.

దోంగ్‌మెయ్ ఎవరూ అడ్డుపడకపోయినా, "ఒక్క క్షణం, ఇది ముగించనివ్వండి," అంది. తర్వాత అంకె చెప్పేసింది. నూటికి నలభై ఒకటి.

"ఆగాగు," అంది నౌఫ్ వెంటనే. "నలభై ఒకటా? నేను ఈ వారం అంతా ఇదే చదివాను, నాకెక్కడా తగల్లేదే. ఎవరిదమ్మా ఆ పరిశోధన?"

"వాన్ దెర్ హోల్ట్. రెండువేల పదకొండు."

"ఏ పత్రికలో వచ్చింది? ఏ ఊరు?"

కాగితంలో అంతవరకే ఉంది. దోంగ్‌మెయ్ మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకి పాకింది, తర్వాత మొత్తం తెల్లబడిపోయింది. కిటికీ దగ్గర డిలిస్ రాయడం ఆపి తలెత్తింది. నవ్వు లేదు.

నౌఫ్ మంచి మనిషి. నేనింకా నోరు విప్పలేదని గమనించి నా వైపు తిరిగింది, మాట్లాడనివాళ్ళని మాట్లాడించాలి కదా. "సూచిన్, నువ్వేమంటావు? ఆ పరిశోధన నువ్వు చూశావా?"

గదిలో అందరూ నన్ను చూశారు. చూశానంటే, ఏ పత్రిక అని నన్నూ అడుగుతారు. తెలీదంటే, ఐదు నిమిషాలు గడిచినా నా పేరు కింద సున్నా. లాన్‌ఝౌ ఆఫీసు, ఆ నలభైమంది మొహాలు కనిపించాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నేను కూడా వెతికాను. అలాంటి పరిశోధన ఎక్కడా లేదు."

ఆ తర్వాత ఆగలేదు. డెన్మార్క్ చెప్పాను, స్పెయిన్ చెప్పాను, ఇంగ్లండు ఊళ్ళు రెండూ చెప్పాను. ఎవరు రాశారో, ఏ సంవత్సరమో, ఎన్ని దుకాణాలు లెక్కపెట్టారో అన్నీ చెప్పాను. ఆదివారం నాకు నచ్చక పక్కన పారేసినవన్నీ వరసగా వచ్చి నా నాలుక మీద నిలబడ్డాయి. ఆధారం లేని అంకెలు వాదనని ఎలా పాడు చేస్తాయో కూడా సెలవిచ్చాను. బట్టీ పట్టకుండా నేను జీవితంలో మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అది. థనవత్ తలూపుతూనే ఉన్నాడు. ఇరవై ఐదు నిమిషాలు అయిపోయేదాకా దోంగ్‌మెయ్ మళ్ళీ నోరెత్తలేదు. నేనూ ఎత్తించలేదు.

బయటికొచ్చాక పెంగ్‌ని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నా కాగితం ఎవరికిచ్చావురా?"

వాడు నేల చూపులు చూశాడు. "కొండ మీది హాస్టల్ వాళ్ళ చాట్ గ్రూపులో పెట్టానక్కా. పాపం అందరూ భయపడి చస్తున్నారు కదా అని. అరవైమంది. మన పేర్లు తీసేసే పెట్టాను, ఒట్టు. అయినా ఎవరూ ఉన్నదున్నట్టు అప్పజెప్పేస్తారనుకోలేదు."

"ఆ అంకె నేను కల్పించిందిరా."

గంటలో పెంగ్ ఆ చాట్ గ్రూపు మొత్తం ఎత్తేసి నాకు చూపించాడు. "ఇక ఎక్కడా లేదక్కా. నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటాను. ఎవరికీ ఏమీ కాదు."

"దోంగ్‌మెయ్‌కో?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం మార్కులొచ్చాయి. నాకు డెబ్భై నాలుగు. కింద డిలిస్ చేతిరాత: ఆధారాన్ని నిలదీసిన తీరు చాలా గొప్పగా ఉంది, ఇదే కదా మేం పది వారాలుగా అడుగుతున్నది. పెంగ్‌కి అరవై ఒకటి. దోంగ్‌మెయ్‌కి మార్కులు వెయ్యలేదు. లేని ఆధారం కల్పించినందుకు గురువారం విచారణకి రమ్మని ఉత్తరం ఇచ్చారు.

మంగళవారం సాయంత్రం తనే మా వంటింటికి వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ పంపిన మిరప పచ్చడి సీసా. పొయ్యి దగ్గరున్న పెంగ్ మమ్మల్ని చూసి మంట తగ్గించాడు గానీ వెనక్కి తిరగలేదు.

"అక్కా, నీకు కోపం లేదుగా నా మీద?"

"నీ మీద నాకెందుకే కోపం?"

"నా వల్ల నువ్వు ఇబ్బంది పడ్డావు. లేనిదాన్ని లేదని చెప్పాల్సొచ్చింది." సీసా బల్ల మీద పెట్టింది. "విచారణకి ఒక ఫ్రెండుని తెచ్చుకోవచ్చట. నువ్వు రా అక్కా. ఆ రోజు సూటిగా మాట్లాడింది నువ్వొక్కదానివే, నువ్వు చెప్తే వాళ్ళు వింటారు. అది నేను కల్పించింది కాదు, ఎవరో రాసిన కాగితంలోంచి చదువుకున్నానని చెప్తాను. అలా అయితే మళ్ళీ పరీక్ష పెడతారట. కల్పించానని తేలితే మాత్రం ఇంటికే."

"కాగితం ఉందా?"

"పరీక్ష అవగానే చింపి పారేశాను. భయమేసింది. గ్రూపు కూడా లేదిప్పుడు. రాసినవాళ్ళెవరో వచ్చి ఒప్పుకుంటే తప్ప..."

"ఒప్పుకుంటారంటావా?"

"ఎందుకు ఒప్పుకుంటారక్కా? వాళ్ళ సీటు పోదూ! వాళ్ళ స్థానంలో నేనున్నా ఒప్పుకునేదాన్ని కాదేమో." చెప్పి ఏడుపు ఆపుకోవడానికి నవ్వింది.

పెంగ్ గరిట కింద పెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను వస్తానన్నాను. వస్తానని ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. రానంటే అనుమానం వస్తుందేమోనని అన్నానేమో. ఆ రెండు రోజులూ తిండి సయించలేదు. ఎవరు తలుపు తట్టినా నా కోసమే వచ్చారనిపించేది.

గురువారం పదకొండు గంటలకి మూడో అంతస్తులో చిన్న గది. బల్లకి అటు ముగ్గురు: ముందు ఫైలు పెట్టుకున్న ఒక పెద్దాయన, డిలిస్, రాసుకోవడానికి ఒకామె. ఇటు దోంగ్‌మెయ్, నేను. ఫోను నా ఒళ్ళోనే ఉంది. అందులో ఆ పదహారు పేజీలు ఉన్నాయి, తేదీలతో సహా, నలభైని నలభై ఒకటి చేసిన దిద్దుబాటుతో సహా. చెరిపెయ్యాలని ఐదారుసార్లు వేలు పెట్టి తీసేశాను.

దోంగ్‌మెయ్ జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండు రోజులు కూర్చుని రాసుకున్నట్టుంది, అక్కడక్కడా ఆగి గుర్తు తెచ్చుకుంటోంది. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

"ఆ కాగితం మీ దగ్గరుందా?"

"లేదండీ."

"మీకు పంపినవాళ్ళెవరు?"

"తెలీదండీ. గ్రూపులో ఎవరో పెట్టారు."

"రాసినవాళ్ళు?"

"తెలీదండీ."

ఆయన ఫైలు మూశాడు. కోపంతో కాదు, జాలిగానే. "అమ్మా, మీరే మా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్న దోంగ్‌మెయ్ రాసుకున్నదాంట్లో లేదు. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బల్ల దగ్గర ఆగి ఎదురుచూసిన చూపే అది. నా లోపల ఏదో తెగింది. అది ధైర్యం కాదు. ఇంకో నాలుగు క్షణాలు ఆ చూపుని భరించడం నా వల్ల కాలేదు, అంతే.

"మన్నించాలి," అన్నాను. "ఆ కాగితం రాసింది నేను. ఆ పరిశోధన కల్పించింది నేనే."

రాసుకునే ఆమె పెన్ను ఆగింది. అయిపోయింది, ఇక ఇంటికే, అనుకున్నాను.

దోంగ్‌మెయ్ ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది. "లేదు లేదు! అక్క అబద్ధం చెప్తోంది! నన్ను కాపాడాలని చెప్తోంది. నేనే బతిమాలి తీసుకొచ్చాను, అందుకని జాలిపడి... అక్కకి ఏమీ సంబంధం లేదండీ!" అన్ని రోజుల్లోనూ ఆ పిల్ల ఎవరి మాటకైనా అడ్డుపడటం నేను చూడటం అదే మొదటిసారి. ఎంత గట్టిగా అడ్డుపడిందో, ఎంత చక్కటి ఇంగ్లీషులో!

డిలిస్ నన్ను చూసి నవ్వింది. కళ్ళలో తడి కూడా ఉంది.

"సూచిన్, ఆ పరిశోధన లేదని తేల్చింది నువ్వే కదా? పది వారాల్లో నేను విన్న అతి మంచి వాదన అది. తను కట్టుకున్న ఇంటికి తనే నిప్పు పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటారా? స్నేహితుల కోసం మీ దేశం పిల్లలు తప్పు నెత్తిన వేసుకుంటారని నాకు తెలుసు. ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాను. మంచి మనసే. కానీ ఇక్కడ అది పనికిరాదు."

పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడండి, మీరన్న మాట ఇంకా రాసుకోలేదు. రాసుకుంటే మీ సీటు పోతుంది, అది మీకు తెలుసనుకుంటాను. మీ దగ్గర ఏదైనా రుజువుందా? లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకుంటారా?"

ఫోను ఒళ్ళో వెచ్చగా తగులుతోంది. తెరిచి బల్ల మీద పెట్టడం అర నిమిషం పని. ఆ క్షణంలో నాకేమనిపించిందో చెప్తాను, మీరు ఛీ అన్నా సరే. ప్రాణం లేచొచ్చింది. చెప్పేశాను కదా, వాళ్ళే నమ్మలేదు కదా, నా తప్పేముంది అనిపించింది. వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

"చెప్పండి," అన్నాడాయన.

ఫోను సంచిలోకి జార్చాను.

"వెనక్కి తీసుకుంటానండీ."

రాసుకునే ఆమె ఒక గీత గీసి కింద ఏదో రాసింది. పెద్దాయన దోంగ్‌మెయ్ వైపు తిరిగి నిర్ణయం చదివాడు. సీటు రద్దు. ఇంటికి వెళ్ళిపోవడానికి పధ్నాలుగు రోజులు గడువు.

బయట వరండాలో దోంగ్‌మెయ్ ముక్కు చీదుకుని, నా కాలరు సరిచేసి, మా భాషలో గట్టిగా మందలించింది.

"ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యకక్కా. ఎవరో చేసిన పాపానికి నీ బతుకు పాడు చేసుకుంటావా? మాటివ్వు."

ఇచ్చాను.